ఆగని బొమ్మే అసలు నాణ్యత

పరిమితమైన నెట్‌వర్కు మీద వీడియో చూసే మనిషి అనుభవాన్ని ముఖ్యంగా నాలుగు విషయాలు తేలుస్తాయి. నొక్కిన తర్వాత బొమ్మ మొదలవడానికి పట్టే సమయం ఒకటి. మధ్యలో ఎన్నిసార్లు, ఎంతసేపు ఆగిందన్నది రెండోది. బొమ్మ స్పష్టత, అంటే వాడుకలో క్లారిటీ, మూడోది. చూస్తుండగా ఆ క్లారిటీ ఎంత తరచుగా మారిపోతోందన్నది నాలుగోది. వీటన్నిటికీ అడుగున ధ్వని ఉంటుంది. అది సరిగా ఉన్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు, చెడిన క్షణాన మిగతావన్నీ వ్యర్థమవుతాయి.

ప్రచారంలో ఉన్న అభిప్రాయం వీటిలో మూడోదాన్ని ఒక్కదాన్నే పట్టుకుంది. రిజల్యూషన్ ఎంత పెరిగితే నాణ్యత అంత, దానికి కావలసిందల్లా స్పీడు, స్పీడు లేని ఊళ్లు టవరో ఫైబరో వచ్చేదాకా ఓపిక పట్టాలి: ప్రకటనల సారం ఇది, ప్రభుత్వ లక్ష్యాల సారమూ ఇదే. రీచార్జ్ చేయించుకునే వినియోగదారు కూడా దీన్నే నమ్ముతున్నాడు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే దారిలో ఉన్న లింగంపేట లాంటి మండల కేంద్రంలో, దాని చుట్టుపక్కల ఊళ్లలో, తండాల్లో సాయంత్రం పూట ఫోన్ తెరిస్తే ఈ నమ్మకం నిలవదు. బొమ్మ హెచ్‌డీలో మొదలవుతుంది, కాసేపటికే చక్రం తిరగడం మొదలవుతుంది. ఆ చక్రానికి కారణం ఊరి నెట్‌వర్కు ఒక్కటే అనడం తప్పు. ఉన్న నెట్‌వర్కుకు తగ్గట్టు వీడియోను తయారు చేయకపోవడం, పంపకపోవడం అంతకన్నా పెద్ద కారణం. ఆ పని వీడియో పంపేవారి చేతిలో ఉంది, ఈ రోజే చేయగలిగిన పని అది.

ప్రేక్షకుడు దేన్ని భరిస్తాడు, దేన్ని భరించడన్నది కొలిచి చూసినవాళ్లు ఉన్నారు. 2011లో కన్వివా సంస్థ, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కలిసి చేసిన అధ్యయనంలో, చూసే సమయాన్ని అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసేది బఫరింగేనని, అంటే బొమ్మ మధ్యలో ఆగడమేనని తేలింది. 90 నిమిషాల లైవ్ ప్రసారంలో ఆగి ఉన్న సమయం 1 శాతం పెరిగితే, మనిషి చూసే సమయం 3 నిమిషాలకు పైగా తగ్గిపోయింది. మరుసటి ఏడాది అకమై సంస్థకు చెందిన షణ్ముగ కృష్ణన్, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రమేశ్ సీతారామన్ 2.3 కోట్ల వీక్షణలను పరిశీలించారు. బొమ్మ మొదలవడానికి 2 సెకన్లు దాటితే జనం వదిలిపోవడం మొదలవుతుందని, అక్కడి నుంచి ఒక్కో అదనపు సెకనుకు వదిలేసేవారు 5.8 శాతం చొప్పున పెరుగుతారని చూపించారు. వీడియో నిడివిలో 1 శాతం సేపు ఆగినా, అలా ఆగని వీడియో చూసినవారికంటే 5 శాతం తక్కువ సేపు చూశారు.

ఆ రెండో అధ్యయనంలో మరో సంగతి ఉంది. మంచి కనెక్షన్ ఉన్నవాళ్లు త్వరగా విసుగుచెంది వదిలేస్తారు, మొబైల్ మీద చూసేవాళ్లు ఎక్కువసేపు ఎదురుచూస్తారు. దీన్ని ఆసరా చేసుకుని, పల్లె ప్రేక్షకుడికి అలవాటేగా, సర్దుకుంటాడులే అనే వాదన అల్లవచ్చు. అది అన్యాయమైన వాదన. ఎదురుచూడటం ఆ మనిషికి ఇష్టమై కాదు, వేరే దారి లేక. కంపెనీ లెక్కల్లో వదిలిపోని ప్రేక్షకుడిగా నమోదయ్యే ఆ మనిషి ఎదురుచూపులో పోగొట్టుకున్న సమయం మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు.

ఇక రిజల్యూషన్ సంగతి. 4కె తెరలో 3840 అడ్డం, 2160 నిలువు, మొత్తం సుమారు 83 లక్షల చుక్కలు ఉంటాయి. 1080పిలో 20.7 లక్షలు, 720పిలో 9.2 లక్షలు, 480పిలో సుమారు 4.1 లక్షలు. అంకెలు చూస్తే 4కె ముందు 480పి ఇరవయ్యో వంతు. కానీ చూసేది కన్ను. 6/6 చూపు ఉన్నదని డాక్టరు చెప్పే కంటికి, డిగ్రీలో అరవయ్యో వంతు కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలు విడివిడిగా కనపడవు. 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్న ఫోన్ మీద ఆ హద్దు సుమారు 0.12 మిల్లీమీటర్లు. ఆరున్నర అంగుళాల ఫోన్‌ను అడ్డంగా తిప్పి చూస్తే బొమ్మ వెడల్పు మహా అయితే పద్నాలుగున్నర సెంటీమీటర్లు. అంటే ఆ కన్ను ఆ వెడల్పులో విడదీసి చూడగలిగేది 1,250 చుక్కలకు అటూ ఇటూ. 720పిలో అడ్డంగా ఉండేవి 1,280. ఫోన్‌ను 30 సెంటీమీటర్లకు దగ్గర చేసుకున్నా లెక్క 1,650 దాకానే పోతుంది, 1080పి దాన్ని దాటిపోతుంది. ఫోన్‌లో 4కె చూడటం వల్ల డేటా ఖర్చవుతుందే తప్ప కంటికి ఒరిగేది లేదు.

టీవీకి కూడా ఇదే లెక్క. మధ్యతరగతి ఇంట్లో 32 అంగుళాల టీవీని రెండున్నర మీటర్ల దూరం నుంచి చూసే మనిషి, ఆ తెర వెడల్పులో వెయ్యి చుక్కల కన్నా ఎక్కువ విడదీయలేడు. 43 అంగుళాల టీవీ అయితే 1,300. మామూలు కంటికన్నా చురుకైన కళ్లు ఉంటాయి, తెరకు మరీ దగ్గరగా కూర్చునేవాళ్లూ ఉంటారు, పెద్ద తెర కొనుక్కున్నవాళ్లూ ఉంటారు. వాళ్లకు 1080పి, ఆపైన కూడా ఉపయోగమే. ఆ కొద్దిమంది అవసరాన్ని అందరికీ కొలబద్దగా పెట్టడమే పొరపాటు. దూరదర్శన్ మీద 1987లో రామాయణం చూసిన తరానికి అందింది తెరపై 576 గీతల బొమ్మ. వీధి వీధంతా ఒక టీవీ ముందు చేరిన ఆ రోజుల్లో జనం కరెంటు పోతుందేమోనని భయపడ్డారు, యాంటెన్నా తిరిగి బొమ్మ పోతుందేమోనని భయపడ్డారు. గీతలు చాల్లేదని బాధపడలేదు.

అక్షరాల విషయంలో మాత్రం వేరే న్యాయం. పాఠం చెప్పే వీడియోలో బోర్డు మీది చిన్న అక్షరాలు, ధరల పట్టిక, పురుగుమందు డబ్బా మీది మోతాదు 480పిలో అలికినట్టు అవుతాయి. దానికి మందు అందరికీ 1080పి పంపడం కాదు, అక్షరాన్ని పెద్దదిగా రాయడం. ఆ జాగ్రత్త వీడియో తీసేచోటే తీసుకోవాలి.

లింగంపేట లాంటి చోట నెట్‌వర్కు ఎలా పనిచేస్తుందో చూస్తే స్పీడు వాదం లోపం ఇంకా స్పష్టమవుతుంది. మొబైల్ టవర్ సామర్థ్యం ఒక్కరిది కాదు, దాని పరిధిలో ఉన్నవాళ్లంతా పంచుకునేది. టవర్‌కు దగ్గరలో ఉన్న ఫోన్‌కు తక్కువ సమయంలో ఎక్కువ డేటా పోతుంది. దూరాన, చెట్ల చాటున, గుట్ట వెనకాల ఉన్న ఫోన్‌కు అంతే డేటా చేర్చడానికి టవర్ చాలా ఎక్కువ సమయం వెచ్చించాలి. అడవి పట్టున ఉన్న తండాలో ఒకరు 1080పి చూస్తే, ఆ భారం అదే టవర్ మీద ఉన్న ఊరందరి మీదా పడుతుంది. పగలు పదకొండింటికి స్పీడ్ టెస్ట్ చూపించిన అంకె, పొలం నుంచి అందరూ ఇల్లు చేరిన రాత్రి ఎనిమిదింటికి ఉండదు. పైగా స్పీడ్ టెస్ట్ అన్నది కొన్ని సెకన్ల పాటు, దగ్గరి సర్వర్‌తో, ఒకేసారి పలు దారుల్లో డేటా లాగి చూపే గరిష్ఠం. వీడియోకు కావలసింది గంటసేపు నిలిచే కనిష్ఠం.

ఒక లెక్క వేసి చూడవచ్చు. ఒక నిమిషం 8 ఎంబీపీఎస్, తర్వాతి నిమిషం 0.5 ఎంబీపీఎస్ వచ్చే నెట్ ఉందనుకుంటే సగటు 4.25. 720పి వీడియోకు నెట్‌ఫ్లిక్స్ సూచించే స్పీడు 3 ఎంబీపీఎస్ కాబట్టి సగటు ప్రకారం ఆ వీడియో ఇబ్బంది లేకుండా ఆడాలి. ఆడదు. ఫోన్‌లో 20 సెకన్ల వీడియో ముందే నిల్వ ఉన్నా, చెడ్డ నిమిషం మొదలైన 24 సెకన్లకు ఆ నిల్వ అయిపోతుంది. మిగిలిన 36 సెకన్లలో వచ్చేది 6 సెకన్ల వీడియో మాత్రమే, తక్కిన అరనిమిషం చక్రమే. అదే నిమిషంలో 0.7 ఎంబీపీఎస్ వీడియో పంపి ఉంటే 20 సెకన్ల నిల్వలో 17 సెకన్లు కరిగేవి, ఒక్కసారి కూడా ఆగేది కాదు. నెట్ మారలేదు, ఫోన్ మారలేదు, మనిషి మారలేదు. మారింది పంపేవాడి నిర్ణయం ఒక్కటే.

డేటా ప్యాక్ లెక్క కూడా అంతే కఠినమైనది. 4కెకు నెట్‌ఫ్లిక్స్ సూచించే 15 ఎంబీపీఎస్ చొప్పున గంటకు 6.75 జీబీ అవుతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఉన్న మనిషికి అది 13 నిమిషాలు. 1080పి 5 ఎంబీపీఎస్ మీద 40 నిమిషాలు. 1 ఎంబీపీఎస్ మీద ఆడే 480పి అయితే మూడు గంటలు దాటుతుంది. కొన్ని ప్లాన్లలో 5జీ ఫోన్ ఉన్నవారికి అపరిమిత డేటా అని కంపెనీలు ఇస్తున్న మాట నిజమే గానీ, 5జీ సిగ్నల్ అందని చోట ఆ మాట వల్ల ఉపయోగం లేదు. రోజు కోటా అయిపోయాక చాలా ప్లాన్లలో స్పీడు 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంటే హెచ్‌డీలో మొదలుపెట్టించి నలభై నిమిషాల్లో ప్యాక్ తినేసిన యాప్, ఆ మనిషిని మిగతా రోజంతా ఖాళీ తెర ముందు కూర్చోబెట్టినట్టే. ఇందులో నాణ్యత ఎక్కడుంది?

ఉన్న నెట్‌వర్కుకు తగ్గట్టు వీడియో పంపే సాంకేతికత కొత్తదేమీ కాదు. యాపిల్ 2009లో హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతిని తెచ్చింది, 2012లో ఎంపెగ్-డ్యాష్ అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చింది. రెండింటి పద్ధతీ ఒకటే. ఒకే వీడియోను పలు స్థాయుల్లో, అంటే కొన్ని వందల కేబీపీఎస్ నుంచి కొన్ని ఎంబీపీఎస్ దాకా, మెట్ల వరుసలా తయారు చేసి పెడతారు. ప్రతి మెట్టునూ కొన్ని సెకన్ల ముక్కలుగా కోస్తారు. ఫోన్‌లోని ప్లేయర్ ప్రతి ముక్కకు ముందు, ఇప్పుడు ఏ మెట్టు తెచ్చుకోవాలో తేల్చుకుంటుంది. యాపిల్ తన మార్గదర్శకాల్లో సూచించిన వరుసలో అట్టడుగు మెట్టు 145 కేబీపీఎస్, ఆ పైది 365, ఆ పైది 730. అంటే ఈ పద్ధతిని రూపొందించినవాళ్లు బలహీనమైన నెట్‌ను మొదటి నుంచే లెక్కలోకి తీసుకున్నారు.

లోపం అమలులో ఉంది. మొదటి ముక్కనే పెద్ద మెట్టు నుంచి తెచ్చి తెర మీద మెరిపించాలన్న ఆత్రం ఒకటి. స్పీడు కాస్త పెరగగానే రెండు మెట్లు ఎగబాకి, తగ్గగానే దబాలున పడిపోయే తొందర ఇంకొకటి. చూసే మనిషికి బొమ్మ నిలకడగా కాస్త తక్కువ క్లారిటీలో ఉండటం కన్నా, నిమిషానికోసారి తేటపడి మసకబారడం ఎక్కువ చికాకు. ముందే నిల్వ చేసుకున్న వీడియో చెరువు నీటి లాంటిది. వాన పడుతున్నప్పుడు నింపుకుంటేనే ఎండలో పంటకు అందుతుంది. మంచి సిగ్నల్ దొరికిన నిమిషంలో పెద్ద మెట్టు మీద ఆర్భాటం చేసే ప్లేయర్, ఆ నిల్వను నింపుకోవలసిన సమయాన్ని పోగొడుతోంది. 2014లో స్టాన్‌ఫర్డ్, నెట్‌ఫ్లిక్స్ పరిశోధకులు స్పీడు అంచనాల మీద ఆధారపడటం తగ్గించి, నిల్వ ఎంత ఉందో చూసి మెట్టు ఎంచుకునే పద్ధతిని నిజమైన వినియోగదారుల మీద పరీక్షించారు. బొమ్మ నాణ్యత సగటున దాదాపు అలాగే ఉండి, మధ్యలో ఆగిపోవడం 10 నుంచి 20 శాతం తగ్గింది. ఒక్క టవర్ కొత్తగా వేయకుండా వచ్చిన ఫలితం అది.

ఒకే వరుస మెట్లు అన్ని వీడియోలకూ సరిపోవన్నది కూడా తెలిసిన సంగతే. పచ్చిక మీద బంతి వెంట కెమెరా పరుగెత్తే క్రికెట్‌కు ఎక్కువ బిట్లు కావాలి. ఒక వ్యవసాయ అధికారి కుర్చీలో కూర్చుని వరి నాట్ల గురించి చెప్పే వీడియోకు అందులో కొద్ది భాగం చాలు. 2015 చివర్లో నెట్‌ఫ్లిక్స్ ప్రతి చిత్రాన్ని విడిగా పరిశీలించి దాని మెట్లు దానికే తయారు చేసే పద్ధతిని ప్రకటించింది. ఆ తర్వాత దాన్ని చిత్రంలోని ఒక్కో షాట్ దాకా తెచ్చింది. తెలుగు వీడియోలు తయారు చేసి పంపే ప్రతి సంస్థా ఈ శ్రమ పడాలి. ఒకసారి చేసిన ఆ శ్రమ లక్షల ఫోన్లలో లక్షల సార్లు డేటా మిగులుస్తుంది.

కొత్త కుదింపు పద్ధతుల గురించి ఎంత చెప్పినా ఒక షరతు మరిచిపోకూడదు. 2003 నాటి హెచ్.264తో పోలిస్తే 2013లో వచ్చిన హెచ్‌ఈవీసీ అదే నాణ్యతకు దాదాపు సగం బిట్లు వాడుతుంది, 2018లో వచ్చిన ఏవీ1 ఇంకా తగ్గిస్తుంది. కానీ ఏవీ1ను విప్పే చిప్ చవక ఫోన్లలో చాలావాటికి లేదు. ప్రాసెసర్ మీదే ఆ భారమంతా వేస్తే ఫోన్ వేడెక్కుతుంది, బ్యాటరీ దిగిపోతుంది, బొమ్మ తడబడుతుంది. అందుకే పాత హెచ్.264 మెట్లను కూడా శ్రద్ధగా తయారు చేయాలి. చవక ఫోన్ ఉన్న మనిషికి అందేవి అవే.

ధ్వనికి ఇవ్వవలసిన స్థానం గురించి తెలుగు నేలకు పాత అనుభవం ఉంది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా, అప్పటి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు విద్యా ప్రసారాలు నడిచాయి. సైట్ అన్న పేరుతో జరిగిన ఆ ప్రయోగంలో ఒక బొమ్మకు రెండు ధ్వని మార్గాలు కేటాయించారు. బొమ్మ ఒకటే అయినా రెండు భాషల వాళ్లు ఎవరి భాషలో వాళ్లు వినగలిగే ఏర్పాటది. బొమ్మను పంచుకోవచ్చు, మాటను మాత్రం ఎవరికి వారికి చేర్చాలన్న వివేకం అందులో ఉంది.

ఆ వివేకం ఇప్పుడు మరింత అవసరం. మాటను వినదగ్గట్టు పంపడానికి 32 నుంచి 64 కేబీపీఎస్ చాలు. 64 చొప్పున గంటకు 29 ఎంబీ కూడా కాదు. రోజు కోటా అయిపోయి 64 కేబీపీఎస్‌కు పడిపోయిన ఫోన్‌లో కూడా 32 మీద మాట, దాని పక్కన అప్పుడప్పుడు మారే ఒక నిశ్చల చిత్రం పోగలవు. హెచ్‌ఎల్‌ఎస్, డ్యాష్ రెండింటిలోనూ ధ్వనిని బొమ్మ నుంచి విడిగా పంపే వీలుంది. బొమ్మ ఆగినా మాట ఆగకూడదన్న నియమం పెట్టుకుంటే పాఠం సాగుతుంది, రైతుకు సలహా అందుతుంది, వార్త వినపడుతుంది. కామారెడ్డి, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు పోయినవారి ఇళ్లలో ఈ సంగతి ఎవరికీ చెప్పనక్కర లేదు. దుబాయ్‌లో ఉన్న కొడుకుతో తల్లి వీడియో కాల్ మాట్లాడుతున్నప్పుడు ముఖం గళ్లుగళ్లుగా విడిపోయినా మాట సాగుతుంది. మాట తెగితే కాల్ పెట్టేస్తారు, మళ్లీ చేస్తారు.

లైవ్ ప్రసారం కాస్త వేరు. ఆటను వీలైనంత తక్కువ ఆలస్యంతో చూపించాలంటే నిల్వ తగ్గించుకోవాలి, నిల్వ తగ్గితే ఆగే ప్రమాదం పెరుగుతుంది. పక్కింటి డిష్ టీవీలో సిక్సర్‌కు కేకలు వినపడ్డాక ఫోన్‌లో బౌలర్ ఇంకా పరుగెత్తుతుండటం చిరాకే. అయినా బలహీనమైన నెట్ మీద ఎంచుకోవలసింది ఆలస్యాన్నే. అరనిమిషం వెనకబడి ఆగకుండా సాగే ఓవర్, క్షణంలో అంది మధ్యలో తెగిపోయే ఓవర్ కన్నా మేలు. 2023లో ఐపీఎల్‌ను జియోసినిమా ఉచితంగా, 4కెలో కూడా చూపించింది. ప్రకటనల్లో 4కె మెరిసింది. అదే ఏడాది నవంబర్ 19న ప్రపంచ కప్ ఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూసేలా చేసింది మాత్రం వేరే పని: డేటా సేవర్ లాంటి ఏర్పాట్లు, ఫోన్‌లో ఉచితం, ఇంతమందీ ఒక్కసారిగా వచ్చిపడినా కూలిపోని వ్యవస్థ. ప్రశంస దక్కవలసింది ఆ పనికి.

ఇక ఎదుటి పక్షపు బలమైన వాదనలు రెండు. 5జీ, ఫైబర్ వచ్చేస్తున్నాయి, ఇదంతా కొన్నాళ్ల ముచ్చట అన్నది మొదటిది. 2011లో పంచాయతీలకు ఫైబర్ వేయాలని నిర్ణయించినప్పుడూ, 2015లో దానికి భారత్‌నెట్ అని పేరు మార్చినప్పుడూ, 2023లో 1.39 లక్షల కోట్లతో దాన్ని సవరించినప్పుడూ ఈ మాటే వినపడింది. తెలంగాణలో మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ కేబుల్ వేయడం తెలివైన ఆలోచన. అది ప్రతి ఇంటికీ చేరాలి కూడా. చేరిన తర్వాత కూడా ఇంట్లో ఒకే వైఫైని నలుగురు పంచుకుంటారు, కరెంటు పోతుంది, పొలం దగ్గర మళ్లీ టవరే దిక్కు. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాను ముంచెత్తిన వానలకు రోడ్లు, రైలు కట్ట కోసుకుపోయాయి. రోడ్డు వెంట పోయే కేబుల్ రోడ్డుతో పాటే పోతుంది. పరిమితి అన్నది ఎప్పటికో తీరిపోయే దశ కాదు, నెట్‌వర్కు సహజ లక్షణం. పైగా ప్రతి కొత్త సామర్థ్యాన్నీ అంతకన్నా బరువైన వీడియో మింగేస్తూ వచ్చింది. సామర్థ్యం పెరిగినకొద్దీ పొదుపు అవసరం లేదనుకుంటే చక్రం ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుంది.

రెండోది మరింత గౌరవించదగ్గ వాదన. పట్నంవాడికి 4కె, పల్లెవాడికి 480పి అంటే అది వివక్ష కాదా అన్నది. ప్రశ్నలోని బాధ నిజమైనదే. కానీ సమానత్వాన్ని కొలవవలసింది అందరికీ ఒకే అంకె పంపించడంలో కాదు, అందరికీ ఒకేలా ఆగకుండా చేరడంలో. హైదరాబాద్‌లో ఆగని పాఠం లింగంపేటలో ఆగితే అది అసమానత్వం. రెండు చోట్లా ఆగకుండా, చూసే తెరకు సరిపడా క్లారిటీతో చేరితే, లోపల ఏ మెట్టు వాడారన్నది ఎవరికీ నష్టం కాదు. వివక్ష నిజంగా ఉన్నది డబ్బు ఒకేలా తీసుకుని చూడటానికి వీలుకాని వీడియో పంపడంలో. అంతకన్నా నిజాయతీ గల మార్గం ఉంది. 2019లో నెట్‌ఫ్లిక్స్ భారత్‌లో ఒక ఫోన్‌కు, 480పికి, నెలకు 199 రూపాయల ప్లాన్ తెచ్చి, 2021 డిసెంబర్‌లో దాన్ని 149కి తగ్గించింది. ఏమిస్తున్నదో చెప్పి అంతకే ధర తీసుకోవడం అది. మంచి నెట్ దొరికినప్పుడు పెద్ద మెట్టు ఎక్కే హక్కు కూడా ఆ ప్రేక్షకుడికి ఉంటే ఇంకా మంచిది.

తక్కువ మెట్టుతో సరిపెట్టుకునే ప్రయోగంలో దేశమంతా ఒకసారి పాల్గొంది. 2020 మార్చి 24న, లాక్‌డౌన్ మొదలయ్యే ముందు, హాట్‌స్టార్, నెట్‌ఫ్లిక్స్, యూట్యూబ్ నడిపే గూగుల్, సోనీ, జీ తదితర సంస్థలు మొబైల్ నెట్‌వర్కుల మీద 480పి దాటి పంపకూడదని ఏప్రిల్ 14 వరకూ కట్టుబడ్డాయి. ఇంట్లో కూర్చున్న దేశం ఆ రోజుల్లో వీడియో చూడటం తగ్గించలేదు, పెంచింది. అదే ఏడాది సెప్టెంబర్ 1న తెలంగాణ ప్రభుత్వం 3 నుంచి 10వ తరగతి పిల్లలకు డిజిటల్ పాఠాలు మొదలుపెట్టినప్పుడు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లను ఆధారం చేసుకుంది. టీవీ ప్రసారం ఎంతమంది చూసినా బరువెక్కదు, ఆగదు. ఒకే పాఠం లక్షల మందికి ఒకే సమయంలో చేరాలంటే ఇప్పటికీ అంతకన్నా మంచి దారి లేదు, దాన్ని పాతబడిన పద్ధతిగా పక్కన పెట్టకూడదు.

డౌన్‌లోడ్ కూడా అలా చిన్నచూపుకు గురైన మార్గమే. యూట్యూబ్ 2014 డిసెంబర్‌లో భారత్‌లో ఆఫ్‌లైన్ సదుపాయం తెచ్చింది. నెట్ ఖాళీగా ఉండే రాత్రి వేళల్లో దించుకునే ఏర్పాటు 2016లో వచ్చింది. బలహీనమైన నెట్ ఉన్నవారి కోసమే తయారు చేసిన యూట్యూబ్ గోను 2022లో మూసేశారు. తెల్లవారుజామున ఖాళీగా ఉన్న టవర్ నుంచి దించుకున్న వీడియో పగలు ఎన్నిసార్లు చూసినా ఆగదు, రాత్రి ఎనిమిదింటి రద్దీని పెంచదు. ఉచితంగా పెట్టిన పాఠాలకు, వ్యవసాయ సలహాలకు డౌన్‌లోడ్‌ను అడ్డుకునే కారణం ఒక్కటీ లేదు.

కొలిచే పద్ధతి మారనిదే ఇవేవీ మారవు. కేంద్రం 2023లో బ్రాడ్‌బ్యాండ్ కనీస వేగాన్ని 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచింది. 2024 ఆగస్టులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన సేవా నాణ్యత నిబంధనల్లో జాప్యం, జిట్టర్ (ఆ జాప్యంలో హెచ్చుతగ్గులు), ప్యాకెట్ల నష్టం కూడా చేరాయి. రెండూ మంచి అడుగులే. కానీ అవన్నీ నెట్‌వర్కు వైపు కొలతలు. చూసే మనిషి తెర మీద బొమ్మ ఎంతసేపు ఆగిందన్న లెక్క వీడియో పంపే సంస్థల దగ్గర మాత్రమే ఉంటుంది, వాళ్లు దాన్ని తమ అవసరానికే చూసుకుంటారు. మండలాల వారీగా, సమయాల వారీగా ఆ లెక్కను బయటపెట్టమని అడిగే హక్కు ప్రజలకు ఉండాలి.

ప్రభుత్వం ఆ పని తన సొంత వీడియోలతో మొదలుపెట్టవచ్చు. టీ-శాట్ పాఠాలున్నాయి. రాష్ట్రంలోని 2,601 రైతు వేదికలను దశలవారీగా వీడియోతో కలిపేందుకు 2024లో మొదలైన రైతు నేస్తం ఉంది. వీటి టెండర్లలో ఫుల్ హెచ్‌డీ, 4కె అని రాసే చోట వేరే షరతులు రాయాలి. 2 ఎంబీపీఎస్ నెట్‌ను నలుగురు పంచుకుంటున్నా 2 సెకన్లలో మొదలవ్వాలి. గంటసేపు ఆగకూడదు. 64 కేబీపీఎస్‌లో కూడా మాట వినపడాలి. తెర మీది అక్షరం 480పిలో చదవడానికి రావాలి. ఒప్పుకున్న బిల్లు చెల్లించే ముందు జరిపే పరీక్ష హైదరాబాద్ ఆఫీసులో కాదు, రాత్రి ఎనిమిదింటికి, టవర్‌కు దూరంగా ఉన్న తండాలో, రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఉన్న మామూలు ఫోన్ మీద జరగాలి.